విందుపాటకి శ్రుతి ఇచ్చిందెవరు

నేను చెప్పేది నమ్మే మనిషి మా కొండ ఊరు లాన్‌గెథిన్‌లో ఒక్కడూ లేడు. ఊళ్ళో నా పేరే కోతల ఇద్వాల్. మా తాత విందుపాటలో కింది స్థాయి అందుకుంటే కొండకి అవతలి ఊళ్ళో పాలక్యాన్ల మీద వెన్న పైకి తేలి వచ్చేదని ఎప్పుడో ఒకసారి అన్నాను. అంతే, ఆ పేరు అతుక్కుపోయింది. మా తాత గొంతు సంగతి మాత్రం ఎవరూ ఆరా తియ్యలేదు. అందుకే ఆ శనివారం పొద్దున చర్చి పక్క హాల్లో ఇన్‌స్పెక్టర్ నెస్టా ప్రోథెరో నా ఎదురుగా కుర్చీ లాక్కుని కూర్చుని, "తాతా, నువ్వేం చెప్పినా నమ్ముతాను, చెప్పు" అనేసరికి నా వీపు మీద చన్నీళ్ళు పోసినట్టయింది.

"అంత మాటనకమ్మాయ్, నాకలవాటు లేదు," అన్నాను.

ఆమె నవ్వలేదు. హాల్లో నవ్వే స్థితిలో ఎవరూ లేరు. రాత్రి విందులో మిగిలిన బారా బ్రిత్ రొట్టె ముక్కలు బల్లల మీద ఎండిపోయి అలాగే ఉన్నాయి. ఎత్తడానికి ఎవరికీ చేతులు రాలేదు.

ముందు రాత్రి మా ఊరి ప్లగైన్ జరిగింది. ప్లగైన్ అంటే కరెంటు దీపాలార్పి, కొవ్వొత్తుల వెలుగులో, వాయిద్యమంటూ లేకుండా ఒక్కో ఇంటి జట్టూ ముందుకొచ్చి తన క్రిస్మస్ పాట పాడి వెళ్ళే రాత్రి. ఎవరి పాటలు వాళ్ళవి, తాతలిచ్చిపోయినవి. ఒకరి పాట ఇంకొకరు ముట్టరు. ఆ రాత్రి ఒకసారి పాడిన పాట మళ్ళీ వినపడకూడదు. ఆఖర్న పాడిన మగవాళ్ళందరూ ముందుకొచ్చి కలిసి విందుపాట పాడతారు. ఆ తర్వాత హాల్లో టీ, విందు. నిన్న ఆ విందులో మేం రెండో కప్పు పోసుకుంటూ ఉండగా, తలుపులకి తాళాలేసే మనిషి, టీలో అని, గంటగోపురం తలుపు తీశాడు. మెట్ల కింద బ్రిన్ హిర్ కమతం ఎలిస్టన్ బెబ్ పడి ఉన్నాడు. తల పగిలింది. ఒళ్ళు చల్లబడిపోయింది.

మా ఊళ్ళో హత్యా! మాకు తెలిసిన ఘోరమల్లా ఒకరి గొర్రె చెవికి ఇంకొకరు గుర్తు కోయడం. అదీ మా నాన్న కాలంలో.

నెస్టా పక్కలోయ పిల్ల. రాత్రే మంచులో నడిచి వచ్చింది. తెల్లారేసరికి పట్నం పైఆఫీసు నుంచి ఇన్‌స్పెక్టర్ హార్ట్‌లీ దిగాడు, కొండదారి మళ్ళీ మూసుకుపోయే లోపు. మెత్తటి చేతితొడుగులు, మెత్తటి మాట. దిగిన అరగంటకే, విందులో కనపడనిది వాడొక్కడే అని, ఎలిస్టన్ మేనల్లుడు మేరిగ్ చేతులకి బేడీలు వేసి కారులో కూర్చోబెట్టాడు. మంచు తీసే బండి కొండ మీద పని చేస్తూనే ఉంది. దారి తెరుచుకోగానే మేరిగ్‌ని పట్నం తీసుకుపోతాడు. వాడు నేను చంపలేదు అని ఒక్కసారి అన్నాడట, ఆ తర్వాత నోరు విప్పలేదు. అలాంటివాణ్ణి ఒకసారి కొండ దాటిస్తే మళ్ళీ ఎవరు వెనక్కి తెస్తారు?

"నిన్న విందుపాటలో ఎలిస్టన్ ఉన్నాడా?" అని అడిగింది నెస్టా.

"ఆయన లేకపోతే పాటెలా మొదలవుతుంది? శ్రుతి ఇచ్చేది ఆయనే. నాకు జుట్టున్నప్పట్నించీ ఆయనే."

"చూశావా?"

"చూడ్డమేమిటమ్మాయ్. అందరం తలలు వంచి, కళ్ళు మూసుకుని నిలబడతాం. ఆయన స్తంభం అవతల, బైబిలు చదివే పీట దగ్గరుంటాడు. రెండు కొనల ఉక్కు శ్రుతిదండం మోకాలికి కొట్టి, దాని కాడ ఆ పీట మీద ఆనిస్తాడు. కొయ్య మోగుతుంది. అది విని అందుకుంటాం."

"అంటే చూడలేదు."

"విన్నాను. సరిపోదూ?"

ఆమె నా మొహంలోకి చూసింది. "నీ గొంతేంటలా ఉంది?"

ఆ మాట వస్తుందేమోనని పొద్దుట్నుంచీ భయపడుతూనే ఉన్నాను. చుట్టూ చూసి, గొంతు తగ్గించి చెప్పాను. "మూడో చరణంలో పైకి వెళ్ళేచోట కీచుమందమ్మా. పుట్టి బుద్ధెరిగి అలా ఎప్పుడూ అవలేదు. వయసైపోయింది. ఎవరితోనూ అనకు."

"ఇంకేమైనా జరిగిందా?"

"జరిగింది. విందుపాట మొదలయ్యే ముందు దేవదూత నా మోచేతికి చక్కిలిగింత పెట్టింది."

టీ కాచే డేగిసా దగ్గర నిలబడ్డ హార్ట్‌లీ పగలబడి నవ్వాడు. "రాసుకోండి ప్రోథెరో గారూ. దేవదూతని కూడా పిలిపిద్దాం. రెక్కలున్నాయిగా, దారి తెరుచుకునేదాకా ఆగక్కర్లేదు."

నెస్టా అతనివైపు తిరగకుండా "ఏ మోచెయ్యి తాతా?" అని మాత్రం అడిగింది.

"ఎడమది."

నన్ను టీ పొయ్యడానికి అక్కడే ఉండమంది. ఉన్నాను. టీ పోసేవాడికి చెవులుండవని అందరూ అనుకుంటారు, అది నాకెప్పుడూ లాభమే.

మొదట కొట్టు ఓల్వెన్ వచ్చి కూర్చుంది. మేరిగ్ మెడకి ఉరి బిగించింది ఆవిడ మాటే. మొన్న కొట్టు బయట మేరిగ్ మావయ్యతో "ఇదే నీ ఆఖరి ప్లగైన్, ఇంక చాలు" అనడం తన చెవులతో విందట.

"నిన్న చర్చిలో మేరిగ్ ఎక్కడున్నాడు?"

"నా పక్కనే. వాళ్ళ రెండో పాట పాడొచ్చి కూలబడ్డాడు. విందుపాటకి లేచేదాకా కదిలితే ఒట్టు. మోకాళ్ళ మధ్య తల పెట్టుకుని కూర్చున్నాడు. వాడికి సిగ్గేసుండాలి, అలాంటి పని చేసొచ్చాక."

"ఏం పని?"

ఓల్వెన్ నావైపు చూసింది. నేను టీ కూజా మూత సర్దుకున్నాను. "ఇద్వాల్‌ని అడగండి. వాళ్ళ పాటే కదా."

నేనే చెప్పాను. నేనూ ఇల్టిడ్ ఒక జట్టు. రాతిగోడలు కట్టే ఇల్టిడ్, నాతో బళ్ళో ఒకే పలక మీద రాసినవాడు. మా రెండో పాట వాళ్ళ నాన్నది. ఆయన ఇల్టిడ్‌కి నేర్పాడు, ఇల్టిడ్ నాకు నేర్పాడు. నిన్న మా వంతుకి ముందు ఎలిస్టన్, మేరిగ్ లేచారు. ఎలిస్టన్ నోరు తెరిచి ఆ పాటే అందుకున్నాడు. చర్చిలో ఊపిరి పీల్చిన చప్పుడు వినపడలేదు. ఒకసారి పాడాక మేం పాడకూడదు. వెంటనే మా వంతు. ఏదో ఒకటి పాడాలని చిన్నపిల్లల పాటొకటి పాడి దిగాం.

"ఇల్టిడ్ ఏమన్నాడు?"

"ఏమీ అనలేదు. ఒకటికి వెళ్ళొస్తానని వెనక్కి వెళ్ళాడు. చలి రాత్రి మా వయసువాళ్ళు సగంమంది లేచి వెళ్ళొస్తూనే ఉంటారు. సోమవారం వాడికి గొంతు ఆపరేషను. మళ్ళీ పాడలేడని డాక్టరు చెప్పేశాడు. అందుకే ఈ ఏడు ఆ పాట మీద అంత ఆశ పెట్టుకున్నాడు, పాపం."

హార్ట్‌లీ దగ్గరకొచ్చాడు. "పాట దొంగతనం. దీనికి ఏ సెక్షను వేస్తారో మీ లోయలో?"

"మా లోయలో ఎవరి తల్లి పేరన్నా ఎత్తొచ్చు గానీ, పాట ఎత్తకూడదు," అంది నెస్టా తల తిప్పకుండా.

తర్వాత మిల్లు కాడ్‌వాన్ వచ్చాడు. మా ఊరి పెద్ద గొంతు. రాత్రి సంగతంతా చెప్పాడు, ఎలిస్టన్ విందుపాటలో ఉన్నాడని ఒట్టేశాడు. లేచి వెళ్ళబోతూ మళ్ళీ కూర్చున్నాడు. "ఇంకోటమ్మా. మూడో చరణంలో నా గొంతు విరిగింది. మా ఆవిడకి చెప్పలేదు. పోలీసులకి చెప్పాలా, అక్కర్లేదా అని..."

ఆ తర్వాత తాళాల టీలో వచ్చాడు. శవాన్ని చూసిన సంగతి చెప్పి, కాసేపు నేల చూసి, "ఇంక నన్ను పాటల్లో పిలవరేమో. నిన్న పైస్థాయి అందలేదు," అన్నాడు. పాస్టరుగారి వంతు వచ్చేసరికి ఆయన ఏం చెప్తాడో నాకు తెలిసిపోయింది. గొంతు సవరించుకుని, దేవుడి పనిలో తన గొంతు తనని మోసం చేసిందని మెల్లగా ఒప్పుకున్నాడు.

చూడండి మా ఊరివాళ్ళ తీరు. పక్కన నిలబడినవాడి గొంతు చీలితే అది వినకుండా, తన గొంతు చీలిందని ఎవరికివారు తెల్లారేదాకా కుమిలిపోయారు. నేనూ అంతే.

ఆఖర్న ఇల్టిడ్ వచ్చాడు. టీ ఇస్తే పుచ్చుకోలేదు. ముఖం సున్నంలా ఉంది.

"ఎలిస్టన్ విందుపాటలో ఉన్నాడా?"

"ఉన్నాడు. శ్రుతి ఇచ్చాడుగా."

"నీ గొంతు ఎలా ఉంది పెద్దాయనా? ఆపరేషనంట కదా."

"నిన్న బానే ఉంది. విందుపాట ఏ ఇబ్బందీ లేకుండా పాడాను."

"మూడో చరణం కూడానా?"

"అన్నీను," అన్నాడు ఇల్టిడ్. వెళ్తూ నా భుజం మీద చెయ్యేసి నొక్కాడు. రాళ్ళు మోసి మోసి బండబారిన చెయ్యి.

నెస్టా లేచింది. "గోపురం చూద్దాం. తాతా, లాంతరు పట్టుకో."

హార్ట్‌లీ కూడా మా వెనకే వచ్చాడు. మా చర్చి వెనక గోడకి రెండు తలుపులు, ఒకేలాంటివి. కుడిది హాలుకి, ఎడమది గోపురానికి. శవాన్ని అప్పటికే పాస్టరుగారింటికి చేర్చారు. రాతి నేల మీద మరక మాత్రం మిగిలింది. నేను అటు చూడలేక లాంతరు పైకెత్తి గోడవైపు చూశాను.

గంట తాడు చుట్టే కొయ్యమేకుకి ఎలిస్టన్ టోపీ తగిలించి ఉంది. దాని కింద మఫ్లరు, రెండు మడతలు పెట్టి, నీటుగా.

"ఇదేమిటి?" అంది నెస్టా.

"టోపీ," అన్నాడు హార్ట్‌లీ. "మా పట్నంలోనూ ఉంటాయి."

"చీకటి గోపురంలోకి వచ్చి, భోజనానికి వచ్చినవాడిలా టోపీ ఎందుకు తగిలించాడు?"

"మాట్లాడుకోవడానికి వచ్చారు కాబట్టి. మేనల్లుడు రమ్మన్నాడు. మాటా మాటా పెరిగింది, పై మెట్టు నుంచి తోసేశాడు."

"తొయ్యలేదు. కోటు చూశారా? కాలరు కుట్టు వెనకవైపు తెగింది. ఎలిస్టన్ మెట్లెక్కుతున్నాడు. కింద ఉన్నవాడు వెనక నుంచి పట్టి లాగాడు." నెస్టా తన చేసంచిలోంచి చిన్న ఫ్లానల్ గుడ్డ మూట తీసింది. "ఇది ఆయన జేబులో దొరికింది. గుర్తుపట్టావా తాతా?"

గుర్తుపట్టకేం. ఎలిస్టన్ ముత్తాత నాటి శ్రుతిదండం. పాటకి ముందు ముడి విప్పి తీస్తాడు, పాట అవగానే చుట్టి ముడి వేస్తాడు. ముడి వేసే ఉంది. నెస్టా విప్పి, మోకాలికి కొట్టి, నా చెవి దగ్గర పెట్టింది. ఆ మోగుడు వినగానే నా కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఏటా కళ్ళు మూసుకుని ఎదురుచూసే మోగుడు అది.

"ఇదే మా విందుపాట శ్రుతి," అన్నాను.

ఆమె ఇంకో శ్రుతిదండం తీసింది. కాడ్‌వాన్ దగ్గర పుచ్చుకున్నదట, కొట్లో కొన్నది, అన్ని జట్ల దగ్గరా ఉండేలాంటిదే. కొట్టి పెట్టింది. దానికీ దీనికీ తేడా చెవికి ముల్లులా గుచ్చుకుంది.

"ఇది ఎక్కువలో ఉంది."

"అవును. ఎలిస్టన్‌ది పాతకాలపుది, అరమెట్టు కిందికి పలుకుతుంది. మీ గొంతులు ఏటా దానికే అలవాటుపడ్డాయి. నిన్న అందరి గొంతులూ ఒకే చరణంలో, ఒకే చోట చీలాయి. ఇంతమందికి ఒకే రాత్రి ముసలితనం రాదు తాతా. నిన్న మీకు శ్రుతి ఇచ్చింది ఇది కాదు. ఇది ముడి వేసి, జేబులో, ఈ మెట్ల కింద ఉంది. పాట మొదలయ్యేసరికే ఎలిస్టన్ చనిపోయి ఉన్నాడు."

లాంతరు కింద పెట్టి మెట్టు మీద కూర్చోబోయి, ఏ మెట్టో గుర్తొచ్చి లేచాను. మేం పాడుతున్నాం. దేవుడి ముందు, చేతులు కట్టుకుని, అందరం కలిసి. తలుపు వెనక ఆయన ఇలా పడి ఉన్నాడు.

హార్ట్‌లీ తేరుకుని, "ముసలాళ్ళ కీచుగొంతులు సాక్ష్యమా? కోర్టులో నవ్విపోతారు," అన్నాడు.

"మీ కేసేమిటి? విందులో లేనివాడు మేరిగ్ ఒక్కడే, బూట్ల నిండా మంచు. అంతే కదా? హత్య జరిగింది విందప్పుడు కాదు. ఎలిస్టన్ పాట దిగినప్పట్నించీ విందుపాట దాకా మేరిగ్ ఓల్వెన్ పక్కనుంచి కదల్లేదు. అతనంటే పడని మనిషి చెప్పిన మాట అది."

"అయితే ఎవరు చంపారంటారు?"

"శ్రుతి ఇచ్చినవాడు. అందరూ కళ్ళు మూసుకుని ఎదురుచూస్తున్నారు. శ్రుతి రాకపోతే కళ్ళు తెరుస్తారు, ఎలిస్టన్ ఏడీ అని వెతుకుతారు. ఆయన రాడని తెలిసినవాడే ఆ మోత మోగించాలి."

కొండ మీద మంచుబండి రొద దగ్గరైంది. హార్ట్‌లీ గడియారం చూసుకున్నాడు. "దారి తెరుచుకోగానే నేను బయల్దేరతాను ప్రోథెరో గారూ. అంతవరకూ ఏ పాటలు పాడించుకుంటారో పాడించుకోండి."

"మేరిగ్‌ని కూడా చర్చిలోకి తీసుకురండి. అతనూ పాడినవాడే."

పాడినవాళ్ళందరం ముందుకొచ్చి నిన్నటి చోట్లలో నిలబడ్డాం. మేరిగ్ చేతులకి బేడీలతో, ఎవరి మొహమూ చూడకుండా నిలబడ్డాడు. పగటి వెలుగులో అలా నిలబడితే బట్టల్లేకుండా నిలబడ్డట్టుంది. స్తంభం అవతల ఎలిస్టన్ చోటు ఖాళీ. ముందు బెంచీ చివర నేను, నా పక్కన ఇల్టిడ్. ఏటా అదే చోటు. నా నడుము నిలబడనివ్వదు, అందుకని ఎడమ మోచెయ్యి ఆ బెంచీ వీపు మీద ఆనిస్తాను.

"ఎవరూ కళ్ళు మూసుకోవద్దు," అంది నెస్టా. స్తంభం వెనక్కి వెళ్ళి, పీట మీద కాడ్‌వాన్ శ్రుతిదండం మోగించింది. గట్టిగానే వినపడింది. "తాతా, దేవదూత వచ్చిందా?"

అందరూ నావైపు చూశారు. నాకు సిగ్గేసింది. "రాలేదమ్మా."

ఆమె నడిచి మా దగ్గరకొచ్చింది. మోకాలికి కొట్టి, కాడ నేను ఆనుకున్న బెంచీ చివర పెట్టింది.

మోచెయ్యి జిల్లుమంది. చీమలు పాకినట్టు, ముంజేతి నుంచి భుజం దాకా. అదే. దేవదూత రెక్క అనుకున్నది అదే.

"వచ్చిందా?"

ఆ బెంచీని తాకేంత దగ్గర నిలబడ్డవాళ్ళం ఇద్దరమే. నేను, నా పక్కవాడు.

నా బతుకంతా కోతలు కోశాను. ఎవరి మెప్పుకోసమో, ఊరికే నోరు దురదకో. ఆ నిమిషాన ఒక్క కోత కోస్తే చాలు. రాలేదమ్మా, నిన్నటిది నిజంగా దేవదూతే అంటే చాలు. ఎవరూ కాదనరు, కోతల ఇద్వాల్‌ని కదా. ఇల్టిడ్ సోమవారం ఆసుపత్రికి వెళ్తాడు. మేరిగ్ ఇప్పుడే కొండ దాటిపోతాడు. బయట మంచుబండి చర్చి మలుపు దగ్గరికి వచ్చేసింది, కిటికీ అద్దాలు గలగలమంటున్నాయి. మేరిగ్ తలెత్తి నావైపు చూశాడు. బతిమాలే చూపు కాదు అది. అలసిపోయిన చూపు.

"వచ్చిందమ్మా," అన్నాను. "ఇదే."

"తాతా, నిన్న నీ పక్కన ఎవరున్నారు?"

ఇల్టిడ్ పేరు చెప్పడానికి నోరు తెరిచాను, రాలేదు. అవసరం కూడా రాలేదు. పక్కన జేబులో చెయ్యి పెట్టిన చప్పుడైంది. ఇల్టిడ్ తన శ్రుతిదండం తీసి, నెమ్మదిగా, గీత పడకుండా బెంచీ మీద పెట్టాడు. అది మా జట్టుది. ఇద్దరం చెరిసగం వేసుకుని కొన్నది.

"అందరి గొంతులూ చీలాయి," అంది నెస్టా, మెల్లగా. "గొంతు పాడైన నువ్వొక్కడివే బాగా పాడానన్నావు పెద్దాయనా. శ్రుతి ఎక్కువలో ఉందని నీకొక్కడికే తెలుసు. మూడో చరణంలో పైకి వెళ్ళకుండా కిందనే పాడావు."

"ఇల్టిడ్," అన్నాడు కాడ్‌వాన్. తాళాల టీలో వెళ్ళి బెంచీ మీద కూలబడ్డాడు. హార్ట్‌లీ ఒక చేతితొడుగు తీసి, మళ్ళీ వేసుకుని, మళ్ళీ తీశాడు.

"చంపాలని వెళ్ళలేదు," అన్నాడు ఇల్టిడ్. నాతోనే అన్నాడు, ఇంకెవరూ లేనట్టు. "వాడు పాట దిగి గోపురంలోకి పోవడం చూశాను. మన పాటయ్యాక వెళ్ళాను. మెట్లెక్కుతున్నాడు. మా నాన్న పాట నీ నోట్లోకి ఎలా వచ్చిందిరా అనడిగాను. వెనక్కి తిరిగి, ఏ పాట? అన్నాడు. నవ్వుతూ అన్నాడురా ఇద్వాల్. నాకదే ఆఖరిసారని ఊరంతటికీ తెలుసు, వాడికీ తెలుసు. పాడేసి, మొహమ్మీద నవ్వుతూ, ఏ పాట అంటాడా? వాడు అటు తిరగ్గానే కాలరు పట్టి లాగాను. లాగిందొక్కటే."

మంచుబండి చర్చి ముందు ఆగింది. రొద ఆగిపోయేసరికి ఆ నిశ్శబ్దం చెవులకి నొప్పి పుట్టించింది.

"ఆయన నవ్వలేదు."

మేరిగ్ అన్నాడు ఆ మాట. పొద్దుట్నుంచీ వాడి గొంతు వినడం అదే మొదలు.

"అంటే, నవ్వాడేమో. ఈమధ్య ఎవరేం అడిగినా నవ్వుతున్నాడు, తనకి తెలియడం లేదని ఎదుటివాళ్ళకి తెలియకూడదని. ఎండుగడ్డి కోతలప్పట్నించీ నా పేరు మరిచిపోతున్నాడు. పొయ్యి ఎక్కడుందో మరిచిపోతున్నాడు. ఊళ్ళో ఎవరికీ చెప్పనని నాచేత ఒట్టు వేయించుకున్నాడు. ఇదే ఆఖరి ప్లగైన్, ఇంక చాలు మావయ్యా అని నేను అన్నది అందుకే." వాడు బేడీల చేతులతో మొహం తుడుచుకున్నాడు. "పాటలు మాత్రం ఒక్క ముక్క మరిచిపోలేదు. ఎవరి పాట ఏదో, అది మరిచిపోయాడు. అందుకున్నాక నేను ఆపలేకపోయాను. అంతమందిలో ఆయన్ని ఒక్కణ్ణి వదిలెయ్యలేక నేనూ పాడాను. పాడి ఓల్వెన్ పక్కన తలవంచుకుని కూర్చున్నాను, ఆయన మా బెంచీకే వచ్చాడనుకున్నాను. శ్రుతి మోగింది కాబట్టి ఉన్నాడనుకున్నాను. విందులో కనపడకపోతే దారి తప్పి మంచులోకి పోయాడని వెతకడానికి వెళ్ళాను."

నెస్టా ఎడమ తలుపువైపు చూసింది. రెండూ ఒకేలాంటి తలుపులు. "టోపీ తగిలించాడు," అంది, తనలో తాను అనుకున్నట్టు. "హాలు అనుకున్నాడు. విందుకి వచ్చాననుకున్నాడు."

ఇల్టిడ్ ఆమె మొహం చూశాడు, మేరిగ్ మొహం చూశాడు.

"ఏ పాట అన్నాడు," అన్నాడు. "నిజంగానే అడిగాడా?"

హార్ట్‌లీ మేరిగ్ దగ్గరికెళ్ళి, తాళంచెవి వెతుక్కుని, తలెత్తకుండా బేడీలు విప్పాడు. విప్పిన బేడీలు ఎక్కడ పెట్టాలో తెలియనట్టు చేత్తో పట్టుకునే నిలబడ్డాడు.

ఇల్టిడ్ నా చెయ్యి పట్టుకున్నాడు. ఎడమ చెయ్యి, మోచేతి దగ్గర.

"ఒరే ఇద్వాల్, ఏదన్నా చెప్పరా," అన్నాడు. "నువ్వెప్పుడూ ఏదో ఒకటి చెప్తావుగా. ఏదో ఒకటి చెప్పు."

వాడు ఆశగా నా నోటివైపే చూస్తున్నాడు. చిన్నప్పట్నించీ వాడికి ఏది చెప్పినా నవ్వేవాడు, నమ్మకపోయినా. నేను ఎంత వెతుక్కున్నా ఒక్క ముక్క దొరకలేదు.